మిగిలిపోయిన రెండో సగాలు

మా వదినె రాధాబాయి పుస్తకాన్ని నడుమకు కోస్తుంటే చూసి, చేటలో బియ్యం చేటలోనే వదిలేసి లేచాను. నవలలంటే ఆమెకెంత ప్రాణమో ఈ ఇంట్లో నాకంటే బాగా ఎరిగినవాళ్లు లేరు. పేజీ మూల మడిచి తెచ్చిన పాపానికి ఒక డాక్టరు భార్యను గుమ్మం బయటే నిలబెట్టి కడిగేసిన మనిషి. అలాంటిది దర్వాజా పక్కన పీట వేసుకుని, బైండింగు కత్తితో వెన్ను మీది దారాలు ఒక్కొక్కటే తెంపి, సొరకాయ కోసినంత నిమ్మళంగా పుస్తకాన్ని రెండు చేస్తోంది. పక్కన అప్పటికే కోసినవి కుప్పగా ఉన్నాయి.

ఎందుకు కోసిందో చెప్పాలంటే ముందు ఆమె సంగతి చెప్పాలి.

రాధాబాయి నా భర్త కృష్ణమూర్తికి అక్క. జనగామ స్టేషన్ రోడ్డు మీద మాది కిరాణా దుకాణం. నేను మానుకోట నుంచి ఈ ఇంటికి కోడలిగా వచ్చేనాటికి ఆమె మొగుళ్లపల్లిలో కాపురం చేస్తోంది. అక్కడా కిరాణమే. మా వాళ్లలో ఆడపిల్ల ఒక కిరాణం నుంచి ఇంకో కిరాణానికి పోతుంది, అంతకు మించి ఏమీ మారదు. ఆమె భర్త మంచివాడు. తాగడు, తిట్టడు, మాట్లాడడు. పొద్దంతా గిరాకీలతో మాట్లాడి మాట్లాడి, దుకాణం కట్టేసి లోపలికొచ్చేసరికి ఆయన దగ్గర మాటలు అయిపోయేవి. అత్తమామలు అప్పటికే లేరు, పిల్లలు కలగలేదు. మధ్యాహ్నాలు ఆమె ఒక్కతే కూర్చుని దుకాణానికి పొట్లాలు చుట్టేది.

ఆ పొట్లాల కాగితం కోసం పాత వారపత్రికలు కిలోల లెక్కన కొనేవాళ్లు. అందులో సీరియల్ నవలల పేజీలు కనపడితే ఆమె చేయి ఆగిపోయేది. అవి చింపి పక్కన పెట్టేది. ఒక వారం దొరికితే తర్వాతి వారం దొరకదు. హీరోయిన్ రైలెక్కిన వారం చేతికొస్తే, దిగిన వారం ఏ ఊళ్లో ఏ బెల్లం పొట్లమై పోయిందో తెలియదు. మళ్లీ కాగితం కట్టలు ఎప్పుడొస్తాయా అని చూసేది. వచ్చిన రోజు వంట కూడా మరిచిపోయి నేల మీద కూలబడి వెతికేదట. ఒక కథలో తప్పిపోయిన నడిమి వారం ఏండ్ల తర్వాత దొరికిందని, దాన్ని పట్టుకుని ఏడ్చానని నాకు ఒకసారి చెప్పింది. పేజీలన్నీ కుదిరిన కథలను, దుకాణానికి పద్దు పుస్తకాలు కుట్టే ముసలాయన దగ్గర నేర్చుకుని, తానే కుట్టి మైదా అంటించి అట్టలు వేసేది.

భర్త పోయాక ఆమె జనగామకు తిరిగొచ్చింది. వెంట రెండు ట్రంకు పెట్టెలు తెచ్చింది. బంగారమో బట్టలో అనుకుని నేనే ఆశగా మూత తీశాను. అన్నీ బైండు చేసిన కథలే. మా మామగారు నవ్వి, వీధి వైపు గది ఆమెకిచ్చారు. కొద్ది రోజుల్లోనే ఆ గది రాధాబాయి నవలల షాపు అయింది. పుస్తకాలు అద్దెకిచ్చేది. జనగామలో చదువొచ్చిన ఆడవాళ్లలో ఆ గడప తొక్కనివాళ్లు అరుదు.

ఎవరికి ఏ పుస్తకం ఇవ్వాలన్నది ఆమె గొప్ప విద్య అని అందరూ అనేవాళ్లు. నాకైతే అది గొప్ప పెత్తనంలా కనిపించేది. వచ్చినామె తనకు కావలసింది తాను తీసుకోవడానికి వీల్లేదు. ముందు రెండు ప్రశ్నలు.

"ఏడ్చేదా, ఏడ్వనిదా?"

అది తేలాక, "ఇప్పటిదా, రాజులదా?"

ఆ రెండూ అడిగి, జవాబు విని, చివరికి తనకు తోచిందే ఇచ్చేది. కొత్త కోడళ్లు ఇప్పటి కథలు అడిగితే చచ్చినా ఇచ్చేది కాదు. "రాజుల కథల మొగోడు గుర్రం మీదొస్తడు. గాయన్ను సూసినంక ఇంట్ల మొగుని మీద కోపం రాదు. ఇప్పటి కథల మొగోడు స్కూటర్ మీదొస్తడు, మల్లెపూలు తెస్తడు. మీ ఆయనకు గూడ స్కూటరున్నది, పూలే రావు. ఇగ సూసుకో లొల్లి" అనేది. కూతురు పెళ్లి చేసి పంపినామెకు ఏడ్చేదే ఇచ్చేది. అడగకపోయినా సరే. "ఏడ్వాలని ఉన్నది గామెకు. సాకు దొరుకుతలేదు" అనేది నాతో. నిజంగానే ఆ పుస్తకం తెచ్చిచ్చేటప్పుడు వాళ్ల మొహాలు తేటపడి ఉండేవి. ఆ మాట నేను ఒప్పుకోక తప్పదు.

తర్వాత టీవీలో సీరియళ్లు మొదలయ్యాయి. ఒకరి తర్వాత ఒకరు రావడం మానేశారు. కొందరు పుస్తకాలు తెచ్చిచ్చి మానేశారు, కొందరు ఇవ్వకుండానే మానేశారు. రెండువేల పదకొండు నాటికి ఆ గదిలోకి ఎప్పుడైనా ఎవరైనా వస్తే అది దారి అడగడానికో, చిల్లర మార్చడానికో. నా భర్త ఆ గది సెల్‌ఫోన్ల షాపువాళ్లకు కిరాయికిద్దామని మెల్లగా కదిలించాడు. దసరా దాటినంక చూద్దామన్నాడు. వదినె సరేనని అనలేదు, వద్దని అనలేదు.

గది పోతుందని ఆమెకు బాధ లేదు. గది ఉండీ ఎవరూ రాకపోవడమే ఆమె బాధ. వంటింట్లోంచి చూస్తే తెలిసేది. కుర్చీలో కూర్చుని, వీధిలో వినబడే ప్రతి చెప్పుల చప్పుడుకూ తలెత్తేది. చప్పుడు దాటిపోయాక మళ్లీ పేజీలోకి చూసేది. నాతో మాట్లాడుతుందా అంటే, ఉప్పు, పప్పు, నీళ్లొచ్చాయా, అంతే. నేను నవలలు చదవను. చదవనివాళ్లతో ఏం మాట్లాడాలో ఆమెకు తెలియదు.

ఆ సెప్టెంబరులో సకల జనుల సమ్మె మొదలైంది. బడులు బంద్, ఆఫీసులు బంద్, బస్సులు బంద్. చౌరస్తాలో టెంటు వేసి టీచర్లు, గుమాస్తాలు దీక్షలో కూర్చున్నారు. రోడ్డు మీదే వంటావార్పు. నా భర్త బియ్యం, పప్పు పంపాడు, నేను పులిహోర కలిపాను. మా వదినె కూడా వచ్చి జై తెలంగాణ అని అరిచి గొంతు పోగొట్టుకుంది. అటు భూపాలపల్లిలో బొగ్గు బావులు ఆగిపోయాయి. బొగ్గు లేక కరెంటు పోయింది. ఒక గంటా రెండు గంటలా? పొద్దున పోతే సాయంత్రానికి వచ్చేది, సాయంత్రం మళ్లీ పోయేది. టీవీలన్నీ నల్లగా కూర్చున్నాయి.

నాలుగో రోజో ఐదో రోజో మధ్యాహ్నం టీచరు శిల్ప టెంటు నుంచి లేచొచ్చి గుమ్మంలో నిలబడింది. "రాధక్కా, ఇంట్ల కరెంటు లేదు, బడి లేదు. ఏదన్న పుస్తకమియ్యరాదు" అంది. చిన్నప్పుడు తన తల్లి కోసం పుస్తకాలు మోసుకుపోయిన పిల్లే ఈమె. మా వదినె లేవబోయి కొంగు కుర్చీకి చుట్టుకుని తూలింది. అయినా ప్రశ్నలు మరిచిపోలేదు. ఏడ్చేదా, ఏడ్వనిదా?

శిల్ప ఒక పుస్తకం తిప్పి చూసి మూతి విరిచింది. "అంత అండీ, గిండీ అనుకుంట మాట్లాడుతరు గిండ్ల. మన మాటను సినిమాలల్ల ఎక్కిరించినోళ్ల తీరు కథలు ఈ టైముల మనకెందుకక్కా?"

"వాళ్లు ఏమండీ అని రాస్తరు. నేను ఏమయ్యా అని సదువుకుంట. నువ్వు గూడ గట్లనే సదువుకో" అంది వదినె. శిల్ప పగలబడి నవ్వి రెండు పట్టుకుపోయింది.

ఆ తర్వాత పాతవాళ్లంతా తిరిగొచ్చారు. లక్ష్మీనర్సమ్మ వచ్చింది. ఆమె మా వీధి చివరి పిండి గిర్ని వాళ్లావిడ. కరెంటు లేక గిర్ని ఆగి, చేతులు ఊరికే ఉండలేక వచ్చింది. రైలు గేటు అవతలి నుంచి ఖమర్ బీ వచ్చింది. పెద్ద దవాఖానలో ఆయాగా చేసి రిటైరైంది. పెళ్లి కాలేదు, తమ్ముడింట్లో ఒక పక్క గదిలో ఉంటుంది. రాజుల కథలు తప్ప వేరే ముట్టుకోదు. "ఇప్పటోళ్ల లొల్లి దవాఖానల మస్తు సూసిన. నాకు గుర్రాలు గావాలె, కోటలు గావాలె" అనేది. వచ్చిందంటే గుమ్మం మీద కూర్చుని, చదివిన కథంతా మా వదినెకే తిరిగి చెప్పేది. అవన్నీ కుట్టింది మా వదినె అని తెలిసి కూడా చెప్పేది. మా వదినె మొదటిసారి వింటున్నట్లు వినేది.

ఆ రోజుల్లో రాధాబాయిని చూడాలి. తలకు నూనె పెట్టేది. పెట్టెలోంచి జరీ అంచు చీర తీసింది. అన్నం తింటూ తింటూ, "శిల్పకు గిప్పుడు ఏడ్చేదియ్యాలె భాగ్యా, ఏడుపు బిగవట్టుకోని మనిషి బిర్రుగున్నది" అని నాతో చెప్పేది. ఇన్నేండ్లలో అన్నం దగ్గర నాతో అన్ని మాటలు మాట్లాడటం అదే మొదలు. బతుకమ్మ పండుగ వచ్చి పోయింది, దసరా దాటింది. గదిలో ఆడవాళ్ల సందడి చూసి నా భర్త కిరాయి మాట ఎత్తలేదు.

తర్వాత సమ్మె ముగుస్తుందన్న మాటలు వచ్చాయి. బొగ్గు బావుల వాళ్లు పనిలోకి దిగారు. టెంటులో అందరి మొహాలూ వేలాడాయి. ఇంత చేసి ఏం వచ్చిందని కొందరు ఏడ్చారు కూడా. మా వదినె మొహం కూడా వేలాడింది. ఆమె బాధ రాష్ట్రం రాలేదని కాదు, కరెంటు వస్తుందని. నాకు తెలుసు. తెలిసి కోపమొచ్చింది, జాలీ వేసింది.

అదిగో, అప్పుడు కోయడం మొదలుపెట్టింది.

"వదినే, పిచ్చి గిట్ల లేసిందా నీకు? గిదేం పని?" అన్నాను.

ఆమె తలెత్తలేదు. "మొదటి సగం వాళ్లకిస్త. రెండో సగం నా తాన ఉంటది. రాక యాడ వోతరు?"

"రాకపోతే?"

"సగం కథ సదివి ఎవలన్న ఊకుంటరా? నిద్ర పడ్తదా?" అని నన్నే వింతగా చూసింది. మొగుళ్లపల్లిలో కాగితం కట్టల ముందు కూలబడి వెతికిన మనిషి. లోకమంతా అలాగే వెతుకుతుందని ఆమె నమ్మకం.

ఎక్కడపడితే అక్కడ కోయలేదు. శిల్ప పుస్తకాన్ని అమ్మాయి ఉత్తరం విప్పబోయే చోట కోసింది. లక్ష్మీనర్సమ్మ పుస్తకాన్ని పెళ్లి పీటల మీద, తాళి కట్టకముందు కోసింది. ఖమర్ బీ కోసం ఓరుగల్లు కోట కథ తీసింది. అందులో శత్రువుల దండు వస్తోందని కోట తలుపులు మూస్తారు, ప్రేమించినవాడు బయట ఉండిపోతాడు, ఆమె లోపల. సరిగ్గా అక్కడ కోసింది. కోసిన వెన్నులకు కొత్త గుడ్డ అంటించి, కోసినట్లు కనపడకుండా చేసింది. అందరికీ మొదటి సగాలు వెళ్లాయి. రెండో సగాలు బీరువాలో వరుసగా నిలబెట్టింది.

సమ్మె ఆగింది. దీపావళికి ఊరంతా కరెంటు ధగధగలాడింది.

ఎవరూ రాలేదు.

మొదట్లో ఆమెకు ధీమా ఉండేది. "పండుగ పనులున్నయి" అంది. పండుగ అయిపోయింది. "బడులు తెరిసిండ్రు, శిల్పకు తీరుతలేదు" అంది. కార్తీకమాసం గడుస్తోంది. సాయంత్రమైతే వీధి పొడుగునా ప్రతి ఇంటి కిటికీలోంచి టీవీ పాటలు ఒకదాని వెనక ఒకటి వినిపించేవి. మా వదినె గదిలో లైటు వేసుకుని కూర్చునేది. తలకు నూనె పెట్టడం మానేసింది. అన్నం దగ్గర మళ్లీ ఉప్పు, పప్పు. నా భర్త ఒకరోజు, "అక్కా, సెల్‌ఫోన్లోళ్లు అడుగుతున్నరు" అన్నాడు. ఆమె తలూపింది. అంత తేలిగ్గా ఊపేసరికి ఆయనే అన్నం సగంలో చెయ్యి కడుక్కుని లేచిపోయాడు.

మరుసటి సాయంత్రం ఆమె రెండో సగాలన్నీ సంచిలో వేసుకుని చెప్పులు తొడుక్కుంది. "వాళ్లకు తీరుతలేదు గావచ్చు, నేనే ఇచ్చొస్త" అంది. నేను వద్దన్నాను. వినదని తెలిసి సంచి రెండో చెవి పట్టుకుని వెంట నడిచాను.

శిల్ప ఇంట్లో టీవీ నడుస్తోంది. కూర్చోమంది, నీళ్లిచ్చింది, కళ్లు మాత్రం టీవీ మీదే ఉన్నాయి. "అయ్యో రాధక్కా, మర్శేపోయిన. ఆఖరికి కలుస్తరా వాళ్లు?"

"కలుస్తరు" అంది వదినె.

"అంతే గద!" అంది శిల్ప సంతోషంగా. పుస్తకం తీసుకుని ఫ్రిజ్ మీద పెట్టింది.

లక్ష్మీనర్సమ్మ ఇంట్లో ఇంకా అన్యాయం. రెండో సగం చూసి ఆమె బిత్తరపోయింది. "ఇంకేమున్నది ఇండ్ల? పెండ్లి పీటల మీద కూసున్నరు గద, కథ ఒడిశింది గద! మంచిగుండె, గంతే జాలు" అని నవ్వింది. కథ అక్కడ తెగిందని కూడా ఆమెకు తెలియలేదు. అంత జాగ్రత్తగా వెన్నుకు గుడ్డ అంటించింది మా వదినె.

బయటికొచ్చాక నేను ఆమె మొహం చూడలేదు. చూస్తే ఏడుస్తానని నాకే భయమేసింది. తక్కిన ఇళ్లకు పోలేదు. "ఇంటికి పోదాం పా వదినే" అన్నాను. "ఖమర్ బీది ఒక్కటి ఇచ్చి పోదాం" అంది.

రైలు గేటు దాటి పోయాం. ఖమర్ బీ మంచం మీద కాళ్లు చాపుకుని ఉంది. మోకాలికి గుడ్డ కట్టి ఉంది. మమ్మల్ని చూసి లేవబోయి అబ్బా అని కూర్చుంది. "మోకాలు పట్టింది. గడప దిగలేక పరేషానైతున్న. జర కూసోండ్రి" అంది. దిండు కింది నుంచి మొదటి సగం తీసింది. పాత చున్నీ ముక్కలో చుట్టి పెట్టుకుంది. "కోట తలుపులు మూసిండ్రు. గాయన బయట, గామె లోపల. గక్కడ్నే ఆపినవ్! దయా రహెం లేదా నీకు?"

వదినె సంచిలోంచి రెండో సగం తీసిచ్చింది. ఖమర్ బీ రెండూ పక్కపక్కన పెట్టి వెన్నుల మీద వేలితో రాసి చూసింది. దవాఖానలో కుట్లు చూసిన వేళ్లు. ఆమెకు అర్థమైపోయింది.

"నువ్వే కోసినవా?"

"ఊఁ."

"ఎందుకు?"

మా వదినె సంచి ఒళ్లోకి లాక్కుంది. తర్వాత నేల వైపు చూస్తూ, "మల్ల వస్తవని" అంది.

"అరె, రాధాబాయీ!" ఖమర్ బీ పుస్తకం పక్కకు పెట్టేసింది. "గంత మంచి పుస్తకాన్ని కోస్తరా? రా ఖమర్ బీ, అంటే రానా? నేను పుస్తకం కొరకే వచ్చిననుకున్నవా గన్ని దినాలు? ఇగో, నా మోకాలు గిట్లున్నది. శుక్రారం నమాజు యాళ్లకు ఇంట్ల ఎవ్వలుండరు, నేనొక్కదాన్నే. నువ్వే రా."

నేను మా వదినె వైపు చూశాను. వేల పేజీల్లో ఎన్ని వేల ప్రేమ మాటలు చదివిందో లెక్కలేదు. ఒక్కటంటే ఒక్కటి నోటికి రాలేదు. లేచి చెప్పులు తొడుక్కుంటూ, "అయిపోయినంక ఇయ్యి, తొందరేం లేదు" అంది.

గేటు దగ్గరికొచ్చేదాకా ఓర్చుకున్నాను. అక్కడ గేటు పడి ఉంది. ఇక ఆగలేకపోయాను. "గామె అంత నోరార పిలిస్తే వస్తనని ఒక్క మాటనరాదా? ముత్యాలు రాలుతయా నోట్లకెళ్లి?" అని గట్టిగానే అరిచాను. పక్కన స్కూటర్ మీద ఉన్నాయన తిరిగి చూశాడు.

వదినె కోపం తెచ్చుకోలేదు. నిజంగా తెలియక అడిగినట్లు నన్నడిగింది. "పుస్తకమియ్యనీకి పోవుడు తెలుసు, తెచ్చుకోనీకి పోవుడు తెలుసు. ఉత్తగ పోయి ఏం జేస్తరు భాగ్యా?"

"ఏం జేస్తరు? కూసుంటరు."

"కూసోని?"

"ఉత్తగనే కూసుంటరు."

బొగ్గు బండి పోతోంది. చాలా పొడుగు బండి. అది పోయేదాకా ఆమె నా జవాబు మీదే ఆలోచిస్తున్నట్లు నిలబడింది. గేటు లేచాక ఇద్దరం ఇంటికొచ్చాం.

ఆ వారంలోనే నవలలన్నీ అటక మీదికి ఎక్కించాం. మా వదినే కింద నిలబడి అందించింది, నేను సర్దాను. సెల్‌ఫోన్లవాళ్లు గదికి నీలం రంగు వేశారు.

శుక్రవారం మధ్యాహ్నం ఆమె స్నానం చేసి, తలకు నూనె రాసుకుని, ఇస్త్రీ చీర కట్టుకుని నడిమింట్లోకి వచ్చింది. అటక కింద ఆగి పైకి చూసింది. "నిచ్చెన తేవాల్నా? ఏదన్న రాజుల కథ తీస్కపో" అన్నాను.

"వద్దు" అంది.

మెట్లు దిగి వీధిలోకి నడిచింది. నేను గుమ్మంలో నిలబడి చూశాను. పుస్తకం లేని చేతులను ఏం చేయాలో ఆమెకు తెలియలేదు. ముందు వెనక్కి పెట్టుకుంది. తర్వాత కిందికి వదిలేసింది. చివరికి కొంగు అంచును రెండు చేతులతో పట్టుకుని రైలు గేటు వైపు నడిచింది.